అమ్మకు ఇస్త్రీ పెట్టె

సెలవులకు ఇంటికి ప్రయాణమవుతున్న మిత్రులకు ఈ నెల మందుచీటీ కాదు, ఓ చిన్న లెక్క.

మొదటిసారి గుంటూరు వెళ్ళినప్పుడు అమ్మకు అమెరికా ఇస్త్రీ పెట్టె కానుకగా పట్టుకెళ్ళాం. అడాప్టరు తగిలించి స్విచ్చి వేశాం. పొగ వచ్చింది, ఫ్యూజు పోయింది. ఆ క్షణాన అమ్మ చెయ్యి దానిమీద లేదు, అదే అదృష్టం.

తర్వాత కాగితం తీశాం. పెట్టెమీద 120 వోల్టులు, 10 ఆంపియర్లు అని రాసి ఉంది. హెచ్చిస్తే శక్తి 1200 వాట్లు; వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం 12 ఓములు. మన ఊళ్ళో 230 వోల్టులు. అదే 12 ఓములలో 19 ఆంపియర్లు పారతాయి. శక్తి సుమారు 4400 వాట్లు! వోల్టులు రెట్టింపు కాకముందే వేడి నాలుగింతలకు దగ్గరపడింది.

ఒంటికీ ఇదే సూత్రం. పొడి చర్మానికి నిరోధం చాలా ఎక్కువ. తడిస్తే వెయ్యి ఓములకు దిగవచ్చు. అప్పుడు 230 వోల్టులకు 0.23 ఆంపియరు. గుండె లయ తప్పడానికి 0.1 చాలు.

వైద్యం చదివిన మాకు ఇదంతా తెలుసు. అమ్మవి ఎప్పుడూ తడిచేతులేనన్నదే గుర్తురాలేదు. మీరు మాత్రం కొనేముందే అంకెలు చదవండి.