కదలని రథం - వదలని మమకారం

మధ్యతరగతి సంసారికి రెండు సంగతుల్లో నిజం చెప్పకూడదంటారు. ఒకటి, వాళ్ళబ్బాయి పాటకి శ్రుతి లేదని. రెండు, వాళ్ళ కారుకి ఆయువు మూడిందని. మొదటిది చెబితే కాఫీ ఆగిపోతుంది, రెండోది చెబితే స్నేహమే ఆగిపోతుంది. అయినా ఎవరో ఒకరు చెప్పాలి కనక, ఈ వారం ఆ పాపం నేనే మూటకట్టుకుంటాను.

అయ్యా, మీ కారు పోయింది. మీరు దానికి దహనం చేయకుండా నెలనెలా మాసికాలు పెడుతున్నారు. ఆ మాసికాలకి భోక్త మెకానిక్కు.

కోపం తెచ్చుకోకండి. నేను మాట్లాడేది కోటీశ్వరుల వాహనాల గురించి కాదు. ఇంటిల్లిపాదికీ ఒక్కటే ఉన్న కారు గురించి. పెద్దాయన్ని డాక్టరు దగ్గరికి, పిల్లని పరీక్ష హాలుకి, ఇల్లాలిని పుట్టింటి పెళ్ళికి చేర్చవలసిన కారు గురించి. అది పొద్దున్నే తాళం తిప్పగానే పిల్లికూనలా మూలుగుతుంది. వీధిలో పోయే ఇద్దరు కుర్రాళ్ళని బతిమాలి తోయించాలి. పట్టుచీర కట్టుకున్న ఇల్లాలు కూడా దిగి ఒక చెయ్యి వెయ్యాలి. బయల్దేరాక వేడెక్కి పొగలు కక్కుతుంది. ఇంత జరిగినా ఇంటాయన మాత్రం, "రేడియేటరు కాస్త చూపిస్తే మళ్ళీ కొత్తబండే!" అంటాడు. ఆ కొత్తదనం కోసం ఆయన నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు.

ఇంతకీ ఎందుకు వదలరు? అడిగి చూడండి, మూడు జవాబులు వస్తాయి.

మొదటిది: "మొన్ననే కదండీ క్లచ్ ప్లేట్లు మార్చాం! ఇంత పెట్టాక ఇప్పుడు అమ్మేస్తే ఎలా?" వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. కాని పెట్టిన డబ్బు ఉంచుకున్నా రాదు, అమ్మినా రాదు. అది పోయింది. పోయినదాని కోసం ఇంకాస్త పోగొట్టుకోవడం పొదుపు ఎలా అవుతుంది? అడగవలసిన ప్రశ్న వెనకటి ఏడాది గురించి కాదు, రాబోయే ఏడాది గురించి. ఈ బండి మీద రాబోయే పన్నెండు నెలల్లో ఎంత పెట్టాలి, పెట్టాక అది నన్ను ఎక్కడికైనా చేరుస్తుందా? ఇంతే.

రెండోది: "ఆ రోజుల ఇనుమండీ. ఇప్పటివన్నీ రేకుడబ్బాలు." ఈ మాట అంబాసిడర్ రోజుల నుంచీ వింటున్నదే. ఆ అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 1983 డిసెంబరులో వచ్చి, మన మధ్యతరగతిని స్కూటరు మీంచి దింపి నాలుగు చక్రాల మీద కూర్చోబెట్టిన మారుతి 800 తయారీ కూడా అదే ఏడాది ఆగిపోయింది. వాటిమీద నాకూ గౌరవమే. కాని గట్టి ఇనుము బండిని కాపాడుతుందేమో గాని, లోపలి మనిషిని కాపాడేవి వేరే ఉన్నాయి. మన దేశంలో కార్లకి ఏబీఎస్ బ్రేకులూ, డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగూ 2019లో తప్పనిసరి అయ్యాయి. ముందు సీట్లో కూర్చునే రెండోమనిషికి ఎయిర్‌బ్యాగు తప్పనిసరి కావడానికి 2022 దాకా పట్టింది. ఆ రెండోమనిషి ఎవరో వేరే చెప్పాలా? సాధారణంగా ఆవిడే. "ఏవండీ, కాస్త నెమ్మదిగా" అంటూ వచ్చేది ఆవిడే.

మూడోది అసలైనది: "ఇది మా ఇంటి లక్ష్మి. మా చిన్నది పుట్టిన ఏడు కొన్నాం." దీనికి జవాబు లేదు. కాని లక్ష్మి అన్నది ఇంటికి రావాలి గాని, ప్రతి నెలా షెడ్డుకి పోకూడదు కదా!

సరే, అన్ని రిపేర్లూ చావుకబుర్లేనా అంటే, కాదు. బ్యాటరీ, టైర్లు, బ్రేకు ప్యాడ్లు ఏ బండికైనా అరిగేవే. వాటికి భయపడి అమ్మేసేవాడు కూడా అమాయకుడే. ఇంజను ఆయిలు తాగేసి నీలంపొగ వదలడం, బాగుచేయించిన నెలకే మళ్ళీ వేడెక్కడం, అడుగున ఛాసిస్ తుప్పు తినేయడం, ఇవీ మూడినవాటి లక్షణాలు. అనుమానం తీరకపోతే ఒక నోటుబుక్కు తీసి మూడు గడులు గీయండి. మొదటిదాంట్లో గడిచిన పన్నెండు నెలల్లో రిపేరుకి పెట్టిన డబ్బు. రెండోదాంట్లో బండి షెడ్డులో ఉన్న రోజులు. మూడోదాంట్లో భయం. అంటే, "ఈ బండిమీద అంతదూరం వద్దులే" అని మానుకున్న ప్రయాణాలు ఎన్ని? అన్నిటికంటె ఆ మూడో గడే నిజం చెబుతుంది. రాత్రి పదింటికి ఇంట్లో ఒకరికి గుండెనొప్పి వస్తే, మీ చెయ్యి కారు తాళం మీదికి పోతుందా, ఫోను మీదికి పోతుందా? ఫోను మీదికే అయితే మీకు కారు లేనట్టే. లేని కారుకి బీమా కడుతున్నారు.

పైగా సర్కారువారు కూడా వయసుకి లెక్క కడుతున్నారు. సొంతకారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకి చెల్లిపోతుంది, తర్వాత అయిదేళ్ళకోసారి తిరగరాయించుకోవాలి. దాని రుసుము 600 రూపాయలుండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. ముసలితనానికి పింఛను ఇవ్వడం చూశాం గాని, పన్ను వెయ్యడం ఇక్కడే.

ఇంతదాకా వచ్చాక ఇంటాయన కళ్ళు తెరుస్తాడు. తెరిచి ఏం చేస్తాడు? తిన్నగా కొత్తకార్ల షోరూముకి పోతాడు! నా అసలు పోట్లాట ఇక్కడ మొదలవుతుంది.

షోరూములో చల్లటి గాలి, వేడి కాఫీ, "సార్, నెలకి ఇంతేసార్!" అనే కుర్రాడు. ఆ కుర్రాడు కారు ధర చెప్పడు, నెల కిస్తీ చెబుతాడు. ఆ కిస్తీ చిన్నదిగా కనిపించడానికి వాయిదాల్ని ఏడేళ్ళకి సాగదీస్తాడు. కాగితం మీద వేసి చూడండి. సాలుకి తొమ్మిది శాతం వడ్డీ మీద లక్ష రూపాయలు తీసుకుంటే, మూడేళ్ళలో తీర్చేవాడు నెలకి 3,180 చొప్పున కట్టి, వడ్డీ కింద సుమారు 14,480 ఇచ్చుకుంటాడు. ఏడేళ్ళవాడు నెలకి 1,609 మాత్రమే కడుతూ, చివరికి వడ్డీ 35,150 దాకా ఇచ్చుకుంటాడు. ఆరు లక్షలు అప్పయితే ఏడేళ్ళ వడ్డీ ఒక్కటే రెండు లక్షల పదివేలు దాటుతుంది. ఆ రెండు లక్షలూ పిల్ల కాలేజీ ఫీజులోంచి రావాలి, లేకపోతే పెద్దాయన కంటి ఆపరేషన్ని ఇంకో ఏడు వాయిదా వెయ్యాలి. అప్పు చేసి పప్పుకూడు తిన్నవాడికి కనీసం కడుపన్నా నిండింది!

"2025 సెప్టెంబరులో చిన్నకార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించారు కదండీ, ఇప్పుడు కొత్తదే చవక" అంటారేమో. తగ్గింది, నిజమే. సంతోషమే. కాని కొత్తదాని ధర దిగితే పాతదాని ధర అక్కడే నిలబడుతుందా? కొత్తచీర తక్కువకి వస్తుంటే కట్టినచీరకి పాతరేటు ఎవరిస్తారు? బేరం మీకు రెండువైపులా కలిసొచ్చింది. ఇక కొత్తబండికి ధర మీద లైఫ్ ట్యాక్సూ, మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఒక్కసారే కట్టడమూ ఉన్నాయి. షోరూము గోడమీద రాసిన అంకె వేరు, రోడ్డెక్కేసరికి అయ్యే అంకె వేరు.

మరేం చెయ్యమంటారు అంటారా? నాలుగైదేళ్ళు వాడిన చిన్నకారు కొనండి. బీమావాళ్ళ తరుగుదల పట్టికలో కారు విలువ ఏడాది తిరిగేసరికి 15 శాతం, రెండేళ్ళకి 20, మూడేళ్ళకి 30, నాలుగేళ్ళకి 40, అయిదేళ్ళకి 50 శాతం తరిగిపోతుంది. విలువ సగం పోతుంది గాని, శ్రద్ధగా నడిపిన బండిలో సత్తా సగం పోదు. రిజిస్ట్రేషను ప్రకారమే ఇంకో పదేళ్ళు ఉంది. మొదటాయన తన షోకుకి చెల్లించిన మూల్యం అది. ఆయనకో నమస్కారం పెట్టి మిగిలింది మీరు వాడుకోండి. ఆ రాష్ట్రంలోనే కొంటే లైఫ్ ట్యాక్సు కూడా ఆయనే కట్టి ఉంటాడు.

"ఛీ, ఒకరు వాడి వదిలేసిందా?" అని ముక్కు చిట్లించకండి. అద్దె ఇంట్లో మీకంటె ముందు ఎవరూ వండుకోలేదా? మీ ఆవిడ మెడలో కాసులపేరు అత్తగారిది కాదా? ఇక పూజంటారా, కొనుక్కొచ్చాక కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టండి. నిమ్మకాయకి మీటరు చూడ్డం రాదు.

అయితే గుడ్డిగా కొనమనడం లేదు. అమ్మేవాడి చిరునవ్వు చూసి కాదు, అడుగున దూరి చూసి కొనాలి. మీ మెకానిక్కుకి నాలుగు డబ్బులిచ్చి వెంట తీసుకెళ్ళండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. ముందే వేడిచేసి పెట్టిన బండి ఏదో దాస్తోంది. టైరు పక్కన నాలుగంకెలుంటాయి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2321 అంటే 2021లో ఇరవై మూడో వారం. మీటరు ముప్పైవేల కిలోమీటర్లే చూపిస్తూ, పెడళ్ళ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే, ఆ మీటరు వెనక్కి నడిచిందన్నమాట. సీటుబెల్టు చివరిదాకా లాగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలో ఎన్ని కార్లని ముంచిందో అందరం చూశాం. మునిగిన బండిని కడిగి మెరుగు పెట్టొచ్చు గాని, బెల్టు లోపలి మడతలో బురదమరక తరచూ దొరికిపోతుంది.

కాగితాలు ఇంజనుకంటె ముఖ్యం. సి-బుక్కు మీద బ్యాంకు పేరుంటే, అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్వోసీ, ఫారం 35 చేతికి రానిదే డబ్బు ఇవ్వొద్దు. ఛాసిస్ నంబరు కాగితంలోనూ బండిమీదా ఒకటేనా చూడండి. 29, 30 ఫారాల మీద సంతకాలయ్యాక మీ పేరుకి మార్పించుకోండి. వేరే రాష్ట్రం బండి చవగ్గా వస్తోందని ఎగబడితే, ఆ చవకంతా ఇక్కడి పన్నుకి సరిపోతుంది.

ఈ బేరానికి చేతిలో ఉన్న డబ్బు చాలకపోతే? కొద్దిగా అప్పు చెయ్యండి, మూడేళ్ళలో తీరేటంత. అదీ వీలుకాకపోతే ఒక ఏడాది కారే వద్దు. బస్సుంది, ఆటో ఉంది, అవసరానికి ట్యాక్సీ ఉంది. ఆ రిపేరు డబ్బుతో ఎన్నిసార్లు ట్యాక్సీ వస్తుందో నోటుబుక్కులోనే లెక్క వెయ్యండి. కారు లేకపోవడం పరువుతక్కువ కాదు. నడిరోడ్డుమీద దిగి, వెనక హారన్లు మోగుతుంటే కుటుంబసమేతంగా తొయ్యడంలో ఏం పరువు మిగిలిందని!

ఇంక పాతబండి సంగతి. చాలామంది పెద్దమనుషులు ఇక్కడే జారిపోతారు. గుళ్ళో చెప్పులు పోతే దొంగని తిట్టే మనిషే, తన కారు అమ్మేటప్పుడు ఇంజనులో చిక్కటి ఆయిలు పోయించి, పొగ కనపడకుండా చేసి, "సింగిల్ హ్యాండండీ, దేవుడిలాంటి బండి" అంటాడు. ఎవరికి అంటాడు? తనకంటె తక్కువ డబ్బున్నవాడికి. చిట్టీ పాడి, పుస్తె తాకట్టు పెట్టి, ఇంట్లో నెలలు నిండిన పిల్ల ఉంది కదా అని కారు వెతుక్కుంటున్నవాడికి. అర్ధరాత్రి వాడి బండి ఆగిపోయినప్పుడు మీరు హాయిగా నిద్రపోతుంటారు. అంతకంటె దోషాలన్నీ కాగితం మీద రాసిచ్చి, తగ్గిన ధరకి అమ్మండి. రోడ్డుమీదికి పనికిరాదనుకుంటే, అనుమతి ఉన్న తుక్కు కేంద్రానికి ఇచ్చి ధ్రువపత్రం తీసుకోండి.

నీతి పట్టకపోతే చట్టం వినండి. అమ్మినాయన పేరు రికార్డులో మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు పుచ్చుకుని చేతులు దులుపుకున్నానంటే కుదరదు. పేరు మారిందని కళ్ళారా చూసుకున్నాకే అమ్మకం పూర్తయినట్టు.

మమకారం ఉండాలండీ, కాదనను. ఆ మమకారం బండి మీద కాదు, బండిలో కూర్చునేవాళ్ళ మీద ఉండాలి. మీ చిన్నది పుట్టిన ఏడు కొన్న కారు పోయినా మీ చిన్నది ఉంటుంది. దాన్ని పరీక్ష హాలుకి వేళకి చేర్చే బండి ఏదో, అదీ ఇంటి లక్ష్మి.