మీటరు మెకానిక్ ముందు లేదు

సూర్యాపేట దాటింది. కారులో నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు, డిక్కీ నిండా పెళ్ళి సామాను. స్పీడో మీటరు పక్కన ఎర్రగా ఒక బొమ్మ వెలిగింది. పాతకాలపు నూనె కుప్పి ఆకారం, దాని మూతి నుంచి జారుతున్న ఒక చుక్క. పక్క సీట్లో ఉన్న బావమరిది దాన్ని చూశాడు. "బావా, ఏదో దీపం వచ్చింది" అన్నాడు. బావగారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "బండి నడుస్తోందిగా! విజయవాడలో మనవాడి షెడ్డు ఉంది, అక్కడ చూపిద్దాంలే."

ఇది కల్పించిన సన్నివేశమే. కల్పించడానికి పెద్దగా కష్టపడాల్సిన పని మాత్రం లేదు. కారు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉంటుంది. స్టీరింగు, గేర్లు, బ్రేకు మనవి; ఆ లైట్లూ బొమ్మలూ మెకానిక్‌వి. డ్రైవింగ్ వస్తే చాలు, అవన్నీ టెక్నికల్ విషయాలు. ఈ అభిప్రాయం ఎంతగా పాతుకుపోయిందంటే, బొమ్మల గురించి అడిగేవాణ్ణి కొత్త డ్రైవరు కింద జమకడతారు. పట్టించుకోనివాడేమో చేయి తిరిగినవాడు.

ముందు ఆ కుప్పి సంగతి చూద్దాం. చాలామంది అనుకుంటున్నట్టు అది "ఆయిల్ కాస్త తగ్గింది, వీలున్నప్పుడు పోయించు" అని చెప్పే గుర్తు కాదు. ఎర్రగా వెలిగిందంటే ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని అర్థం. పంపు నెట్టే ఆయిల్ క్రాంక్ షాఫ్టు చుట్టూ, బేరింగుల మధ్య పల్చటి పొరలా నిలబడి ఇనుమును ఇనుముకు తగలకుండా ఆపుతుంది. ఒత్తిడి లేకపోతే ఆ పొర ఉండదు. నిమిషానికి రెండు మూడు వేల సార్లు తిరిగే లోహం లోహాన్ని రాసుకుంటుంది. తమాషా ఏమిటంటే అప్పుడు కూడా బండి కాసేపు మామూలుగానే పోతుంది, యాక్సిలరేటరు తొక్కితే స్పీడు కూడా అందుకుంటుంది. "నడుస్తోందిగా" అన్న ధీమా పుట్టేది సరిగ్గా ఆ కాసేపట్లోనే. తరవాత టకటకమని చప్పుడు, ఆ తరవాత ఇంజన్ పట్టేయడం. పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, డిప్‌స్టిక్ తీసి చూసి ఉంటే బహుశా ఒక డబ్బా ఆయిల్‌తోనో, ఒక టోయింగ్ ఖర్చుతోనో పోయేది. ఇప్పుడది ఇంజన్ విప్పి బోరు చేయించే దాకా వస్తుంది. విజయవాడ షెడ్డులో మనవాడు ఎంత పనిమంతుడైనా, 130 కిలోమీటర్ల అవతల వెలిగిన దీపానికి అతను చేయగలిగింది ఏమీ లేదు.

అసలు మీటరును డ్రైవరు కళ్ళ ఎదుట ఎందుకు పెట్టారు? మెకానిక్ కోసమైతే బానెట్ కింద బిగించేవారు, చవగ్గా పోయేది.

"మెకానిక్ చూసుకుంటాడు" అన్నది ఎప్పుడూ నిజమూ కాదు. బ్రేకు దీపాన్నే తీసుకుందాం. వృత్తంలో ఆశ్చర్యార్థకం, అటూ ఇటూ రెండు చాపాలు, ఎర్ర రంగు. హ్యాండ్ బ్రేకు దించినా అది ఆరలేదంటే బ్రేకు ఆయిల్ మట్టం తగ్గి ఉండొచ్చు. దారిలో ఎవరో ఒక మెకానిక్ దగ్గర ఆపితే, అతను మూత తీసి కాస్త ఆయిల్ పోస్తాడు. దీపం ఆరుతుంది. యాభయ్యో వందో తీసుకుంటాడు, ఇద్దరికీ సంతోషం. కానీ బ్రేకు ఆయిల్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లోనే ఉండేది. మట్టం తగ్గిందంటే కారణాలు ప్రధానంగా రెండే. ఎక్కడో కారుతోంది, లేదా ప్యాడ్లు అరిగిపోయి ఆ మేరకు పిస్టన్లు బయటికి వచ్చి ఆ ఖాళీలోకి ఆయిల్ దిగింది. పైన పోసిన ఆయిల్ ప్యాడ్లను మందం చేయదు, కారే చోటును మూయదు. హెచ్చరికను మాత్రం నోరు మూయిస్తుంది. ఈ సంగతి తెలిసిన యజమాని అక్కడ "ముందు ప్యాడ్లు చూడు బాబూ" అంటాడు. తెలియనివాడు ఆరిన దీపాన్ని చూసుకుని ఘాట్ రోడ్డు ఎక్కుతాడు.

బ్యాటరీ బొమ్మదీ అదే తంతు. దాన్ని చూడగానే కొత్త బ్యాటరీ కొనేవాళ్ళకు లెక్క లేదు. బండి నడుస్తుండగా అది వెలిగితే చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, దానికి కరెంటు అందించే ఆల్టర్నేటరుదో, దాన్ని తిప్పే బెల్టుదో అవుతుంది. కొన్ని ఇంజన్లలో వాటర్ పంపును తిప్పేదీ ఆ బెల్టే. అప్పుడు టెంపరేచరు ముల్లు కూడా పైకి లేస్తుంది. రెండు గుర్తులు కలిపి చదివితే బెల్టు తెగిందని బానెట్ ఎత్తకుండానే ఊహించవచ్చు. ఇందులో ఇంజనీరింగ్ పట్టా కావలసింది ఏముందో!

పెద్దవాళ్ళది ఇంకో వాదన. "మేం అంబాసిడర్లు నడిపాం. ఇన్ని బొమ్మలెక్కడివి? ఏమైనా అయ్యిందా?" నిజమే, ఇన్ని బొమ్మలు లేవు. కానీ ఆ అంబాసిడర్ డ్రైవరు పొద్దున్నే ఏం చేసేవాడో కూడా గుర్తు చేసుకోవాలి. బానెట్ ఎత్తి రేడియేటరులో నీళ్ళు చూసేవాడు. డిప్‌స్టిక్ లాగి గుడ్డతో తుడిచి మళ్ళీ ముంచి చూసేవాడు. ఎండాకాలం దూరప్రయాణమైతే ఒక క్యాను నీళ్ళు వెంట ఉండేవి. ఇంజన్ చప్పుడు కాస్త మారితే చెవి నిక్కించేవాడు. ఇవాళ్టి బొమ్మల్లో చాలావరకు ఆయన కళ్ళూ చెవులూ చేసిన పనికి పెట్టిన బదులే. ఇప్పటి యజమానులు ఆయన అలవాట్లు వదిలేశారు, బదులుగా వచ్చిన బొమ్మలనూ చదవరు. మధ్యలో అంబాసిడర్ పేరు మాత్రం వాడుకుంటున్నారు.

"మాకు ఇంగ్లీషు రాదు" అన్న సాకు మరీ విచిత్రం. ఈ గుర్తులను బొమ్మలుగా పెట్టిందే ఏ భాషా అక్కర్లేకుండా చదువుకోవడానికి. ఐఎస్ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం వీటి ఆకారాలను ఖరారు చేసింది. మన దేశంలో అదే పనికి ఏఐఎస్-071 ఉంది. అందుకే జపాన్‌లో తయారైన కారులోనూ చెన్నైలో తయారైన కారులోనూ అదే కుప్పి, అదే చుక్క. రంగులు ఇంకా సులువు. ఎరుపు ఆగమంటుంది, లేదా వెంటనే చూడమంటుంది. పసుపు త్వరలో చూపించమంటుంది. ఆకుపచ్చ ఫలానాది ఆన్‌లో ఉందని చెబుతుంది. నాలుగు రోడ్ల కూడలిలో రోజూ చదివే రంగులే ఇవి. వాట్సాప్‌లో వందల ఎమోజీల అర్థాలు నోటికి వచ్చినవాళ్ళకు మీటరు మీది ఇరవై ముప్ఫై బొమ్మలు కష్టమంటే నమ్మబుద్ధి కాదు.

తెలియనితనం బద్ధకాన్నే కాదు, అనవసరపు భయాన్ని కూడా పుట్టిస్తుంది. పసుపు ఇంజన్ బొమ్మ స్థిరంగా వెలిగి, బండి లాగడంలో తేడా లేకపోతే నడిరోడ్డు మీద ఆపి కంగారు పడనక్కర్లేదు, ఒకటి రెండు రోజుల్లో స్కాన్ చేయించుకోవచ్చు. అమెరికాలో ఉంటున్న మనవాళ్ళను అడిగితే పెట్రోలు ట్యాంకు మూత సరిగా బిగించకపోయినా అది వెలుగుతుందని చెబుతారు. అదే బొమ్మ మిణుకుమిణుకుమంటే కథ వేరు. ఇంజన్‌లో మిస్‌ఫైర్ అవుతోందని, కాలని పెట్రోలు పోయి ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుందని అర్థం. బొమ్మ ఒకటే, వెలిగే తీరును బట్టి చేయాల్సిన పని మారిపోతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల యజమానులకు ఇంకో పసుపు బొమ్మ పరిచయమైంది. గొట్టంలాంటి పెట్టె, లోపల చుక్కలు. పొగలోని మసిని పట్టే ఫిల్టరు నిండుతోందని దాని అర్థం. రోజూ అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా పాకుతూ వెళ్ళే బండిలో ఆ మసి కాలేంత వేడి పుట్టదు. మొదట్లోనే గమనిస్తే మందు చాలా చవక. మాన్యువల్లో చెప్పిన వేగంతో ఔటర్ రింగు రోడ్డు మీద ఆపకుండా కాసేపు తోలితే చాలాసార్లు అదే శుభ్రమవుతుంది. పట్టించుకోకపోతే ఇంజన్ తన శక్తిని తానే తగ్గించుకుంటుంది, బండి షెడ్డుకు వెళ్ళక తప్పదు. ఇక్కడ మెకానిక్‌తో పని లేకుండా చేయడానికే ఆ దీపం ఉంది.

ఇంతవరకు చెప్పినవి మరమ్మతుతో ముడిపడ్డవి. మెకానిక్‌కు ఏ సంబంధమూ లేనివి ఇంకా ఉన్నాయి. మీటరులో నీలం రంగు దీపం హైబీమ్‌ది. రాత్రిపూట విజయవాడ హైవే మీద ఎదురొచ్చే బండ్లను చూస్తే ఎన్ని మీటర్లలో ఆ నీలం తెల్లవార్లూ వెలుగుతోందో తెలిసిపోతుంది. ఆ దీపం కారుకు రోగం వచ్చిందని చెప్పదు, ఎదుటివాడి కళ్ళలో కొడుతున్నావని చెబుతుంది. ఎర్ర త్రికోణం మీటదీ అదే పరిస్థితి. ఆగిపోయిన బండిని చూసి వెనకవాళ్ళు జాగ్రత్తపడడానికి పెట్టిన ఆ నాలుగు ఇండికేటర్లను మనవాళ్ళు కూడలిలో "నేను నేరుగా వెళ్తున్నా" అని చెప్పడానికి వాడతారు. వానలోనూ వేసుకుని పోతారు. పక్కవాడికి ఒకవైపు ఇండికేటరే కనిపిస్తే ఇటు తిరుగుతున్నాడనుకుంటాడు. ఇక నిజంగా తిరగాలనుకున్నప్పుడు చెప్పడానికి భాషే మిగలదు.

వానాకాలంలో అద్దం మీద ఆవిరి పడితే ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో పాత బనీను గుడ్డ. ఎదురుగా అద్దం ఆకారంలో వంకర బాణాలున్న బటన్ ఒకటి ఉంటుంది. అది నొక్కి, ఏసీ వేసి, లోపలి గాలే తిరిగే మీటను ఆపేస్తే కాసేపట్లో అద్దం తేటపడుతుంది. ఆ గుడ్డ మాత్రం చాలా కార్లలో శాశ్వత సభ్యురాలు.

సీటుబెల్టు దీపం దగ్గర మన తెలివి పరాకాష్ఠకు చేరింది. బెల్టు పెట్టుకోకపోతే వచ్చే కూతను ఆపడానికి బెల్టు తాళంలో గుచ్చే ఇనుప క్లిప్పులు అమ్ముడయ్యాయి. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ అంగళ్ళ మీద ఉత్తర్వులిచ్చింది. 13,118 అమ్మకపు ప్రకటనలు తీసేయాల్సి వచ్చింది. బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగు సరిగా కాపాడలేదు. దాని మీద రాసి ఉండే ఎస్ఆర్ఎస్‌లోని మొదటి అక్షరానికి అర్థమే "అదనపు" అని. అసలు రక్షణ బెల్టు. ఆ అక్షరాలున్న చోటనే, సరిగ్గా ఎయిర్‌బ్యాగు మూత మీదనే, గమ్‌తో వినాయకుడి బొమ్మ అతికించి ఉంటుంది. భక్తిని ఎవరూ తప్పుపట్టరు. రెప్పపాటులో పేలి తెరుచుకునే మూత మీద ప్రతిష్ఠించిన విగ్రహం ఆ క్షణంలో ఎటు ఎగురుతుందో ఆలోచించమనే మనవి.

తప్పంతా యజమానులదేనంటే అన్యాయమే. లర్నింగ్ లైసెన్సు పరీక్షలో ఏమేం అడగాలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 11వది చెబుతుంది. రోడ్డు గుర్తులు, ప్రమాదం జరిగితే డ్రైవరు బాధ్యతలు, కాపలా లేని రైలు గేటు, వెంట ఉంచుకోవాల్సిన కాగితాలు. సొంత బండి మీటరు ఊసే లేదు. బ్రిటన్‌లో 2003 నుంచి డ్రైవింగ్ పరీక్షలో "చూపించు, చెప్పు" ప్రశ్నలున్నాయి. ఏబీఎస్‌లో లోపం వస్తే నీకెలా తెలుస్తుందన్నది వాటిలో ఒకటి. ఇక్కడ పదేళ్ళు కారు నడిపి అక్కడికి వెళ్ళిన తెలుగువాళ్ళు కూడా ఆ జవాబు కొత్తగా నేర్చుకుంటారు. కంపెనీలూ తక్కువ తినలేదు. మీటలన్నీ టచ్ స్క్రీన్‌లో దాచడం ఫ్యాషనైంది. స్వీడన్ కార్ల పత్రిక వీ బిలాగరె 2022లో పరీక్ష పెడితే, గంటకు 110 కిలోమీటర్ల వేగంలో నాలుగు మామూలు పనులకు 2005 నాటి మీటల కారులో 10 సెకన్లు పట్టింది. అన్నిటికంటే వెనకబడ్డ కొత్త కారులో దాదాపు 45. ఇవన్నీ నిజాలే. కానీ వీటిలో ఏదీ డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా పడి ఉన్న మాన్యువల్‌కు జవాబు కాదు. బొమ్మల పేజీలు చదవడానికి అరగంట చాలు.

తెలియనితనానికి మూల్యం సెకండ్ హ్యాండ్ బేరంలో స్పష్టంగా కనిపిస్తుంది. తాళం తిప్పగానే మీటరులో హెచ్చరిక దీపాలు చాలావరకు ఒక్కసారి వెలిగి, కొన్ని సెకన్లలోనో, ఇంజన్ స్టార్టయ్యాకో ఒక్కొక్కటే ఆరిపోతాయి. బండి తనను తాను పరీక్షించుకునే ఘడియ అది. ఇంజన్ స్టార్టయ్యాక కూడా ఆరకుండా మిగిలింది రోగం. అసలు వెలగనే వెలగనిది ఇంకా అనుమానించదగ్గది. ఎయిర్‌బ్యాగు ఒకసారి పేలిపోయిన బండిలో దాని దీపాన్ని పీకేసి ఉండొచ్చు. బేరం జరుగుతున్న చోట కొనేవాడు టైర్లను కాలితో తంతాడు, పెయింటు మీద వేలు రాస్తాడు, డోరు రెండుసార్లు వేసి చప్పుడు వింటాడు. అమ్మేవాడు తాళం తిప్పుతాడు. కుప్పి, బ్యాటరీ, ఇంజన్, ఏబీఎస్ అన్నీ వెలుగుతాయి. ఎయిర్‌బ్యాగు బొమ్మ ఉండాల్సిన చోటు నల్లగానే ఉంది. "ఏసీ ఎలా ఉందన్నా?" అని అడుగుతున్నాడు కొనేవాడు.