జీతం పడితే చాలా? న్యాయం జరుగుతోందా అని కూడా అడగాలి

శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో, కరకంబాడి బ్యాటరీ యూనిట్లలో పనిచేసేవాళ్లలో మన ఇళ్ల పిల్లలూ ఉన్నారు. నెల మొదట్లో ఇంట్లో అడిగేది ఒకటే, జీతం పడిందా అని. యాజమాన్యాలు అడగాల్సింది ఇంకోటి ఉంది: ఇక్కడ మీకు న్యాయం జరుగుతోందని అనిపిస్తోందా?

అడగకపోతే ఏమవుతుందో మన పక్క జిల్లాలోనే చూశాం. చిత్తూరు సరిహద్దు దాటితే కోలారు జిల్లా. అక్కడి నరసాపురలో ఐఫోన్లు తయారుచేసే విస్ట్రాన్ ప్లాంటులో 2020 డిసెంబర్ 12న కార్మికులు విధ్వంసానికి దిగారు. దాన్ని ఎవరూ సమర్థించరు. కానీ పని గంటల లెక్క సరిగ్గా నడపలేదని, అక్టోబర్, నవంబర్‌లలో కొందరికి జీతాలు ఆలస్యమయ్యాయని యాపిల్ విచారణలో తేలింది. విస్ట్రాన్ కార్మికులకు క్షమాపణ చెప్పింది. అంత కోపం ఒక్కరోజులో పుట్టేది కాదు.

మనసులో మాటను కొలవొచ్చా? కొలవొచ్చు. అమెరికా పరిశోధకుడు జేసన్ కాల్‌క్విట్ 2001లోనే ఇందుకు 20 ప్రశ్నలు తయారుచేశారు. వాటిలో నాలుగు భాగాలు. పనికి తగ్గ ప్రతిఫలం వచ్చిందా? నిర్ణయాలు అందరికీ ఒకే రూలుతో, మన మాట విని తీసుకున్నారా? పైవాళ్లు మర్యాదగా మాట్లాడారా? కారణం నిజాయితీగా, టైముకు చెప్పారా? ప్రతిదానికీ 1 నుంచి 5 వరకు మార్కులు.

చివరి ప్రశ్న చిన్నదేం కాదు. జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించిన అధ్యయనంలో, 15 శాతం జీతం కోత పెట్టిన ప్లాంట్లలో దొంగతనాలు పెరిగాయి. కారణం వివరంగా, సానుభూతితో చెప్పినచోట ఆ పెరుగుదల తక్కువ.

సర్వే పెడితే పేరు, ఐడీ నంబరు అడగకూడదు. కాంట్రాక్టు కార్మికులను వదిలేయకూడదు. ఆడవాళ్లవి, నైట్ షిఫ్టువి విడిగా చూడాలి. మొత్తం సగటు 4 వచ్చినా, ఒక షిఫ్టులో 2 ఉండొచ్చు. జుమా నమాజుకు కాసేపు టైము అడిగితే ఎలాంటి జవాబు వస్తుందన్నదీ ఈ లెక్కలోకే వస్తుంది.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్నచోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు సమానంగా ఉండాలి. అయితే కమిటీ దగ్గరికి వెళ్లేది నోరు విప్పినవాళ్లే. నోరు విప్పనివాళ్ల సంగతి సర్వేతోనే తెలుస్తుంది. ఫలితాలను నోటీసు బోర్డులో పెట్టి, ఏం మార్చారో కూడా చెప్పాలి. అడిగి ఊరుకుంటే ఉన్న నమ్మకమూ పోతుంది.

ఈసారి జీతం సంగతితో పాటు, మీ కంపెనీలో ఆ కమిటీ ఉందా అని కూడా పిల్లలను అడగండి.