కరువు సీమలో కొయ్య ఓడలు

“సముద్రమే లేని అనంతపురములో కొయ్య ఓడల ముచ్చట యేల?” అని కొందరు మిత్రులు మమ్ము పరిహసించినారు. 14వ శతాబ్దిలో, బుక్కరాయల కాలమున వెలసిన అనంతసాగరమను చెరువు పేరే ఈ పట్టణమునకు అబ్బినది. పొరుగుననే బుక్కరాయసముద్రమున్నది. వానకు మొగము వాచిన మన పెద్దలు చెరువునే సాగరమని పిలుచుకొనిరి. ఆ ఊహాశక్తి మన విద్యార్థులకు వలదా?

నమూనా ఓడ కేవలము ఆటవస్తువు కాదు. నూరవ వంతు పరిమాణమున 30 మీటర్ల ఓడ 30 సెంటీమీటర్లగును. ఇందు ఒక మిల్లీమీటరు పొరపాటు అసలు ఓడలో 10 సెంటీమీటర్లతో సమానము. వెన్నుకొయ్యపై అడ్డుకొయ్య ఒక్కటి వంకరగా నిలిచినచో పైచెక్క అతుకదు. గణితము, ఓర్పు ఇచట ఏకమగును. ఆదర్శములకు కొదువ లేదు: శాతవాహన యజ్ఞశ్రీ నాణెముపై రెండు తెరచాపకొయ్యల ఓడ ఉన్నది, 1948లో విశాఖపట్నమున జలప్రవేశము చేసిన ‘జల ఉష’ ఉన్నది.

మన విద్యార్థులలో పలువురి యిండ్లలో ఉలి, రంపములే అన్నము పెట్టుచున్నవి. ఐనను తండ్రి వృత్తి చెప్పుకొనుటకు వారు సిగ్గుపడుదురు. ఆ సిగ్గును నేర్పినది మన చదువే. కావున కళాశాల కమిటీవారు ఒక గదిని, కొన్ని పనిముట్లను సమకూర్చి, ఆ తండ్రులనే తొలి గురువులుగా ఆహ్వానింపవలెనని మా మనవి.