ఓడ మనదే, సరంగు ఎవరో!

మొన్న శుక్రవారం ఇక్కడ సూర్‌లో సెలవు కదా అని, మా ఊళ్ళో నా ఎన్నారై ఖాతా ఉన్న బ్యాంకుకి ఫోన్ చేశాను.

"ఒమన్ నంబరు మీద యూపీఐ కావాలండీ."

"ఫారిన్ నంబర్లకి రాదు సార్. ఇండియా నంబరుండాలి" అన్నారు మేనేజరు గారు.

2023 జనవరిలోనే పది దేశాల నంబర్లకి ఎన్‌పీసీఐ అనుమతిచ్చిందనీ, వాటిలో ఒమన్ కూడా ఉందనీ చెప్పాను. "మాకు సర్క్యులర్ రాలేదండీ" అని ఓ నిట్టూర్పు విడిచి, "అయినా ఈ ఫోన్‌పేలూ గూగుల్ పేలూ వచ్చి మా కస్టమర్లని ఎత్తుకుపోతున్నాయి సార్" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. బ్యాంకులకి సాఫ్టువేరు రాసి పొట్టపోసుకునేవాణ్ణి కాబట్టి ఈ గోల నాకు కొత్త కాదు. ప్రతి మీటింగులోనూ వింటాను. కానీ అసలు సంగతేవిటి? ఎన్‌పీసీఐని 2008లో పెట్టింది రిజర్వు బ్యాంకూ, బ్యాంకుల సంఘమూ కలిసే. యూపీఐ 2016లో వచ్చింది అక్కణ్ణించే. అంటే రోడ్డు వేసింది బ్యాంకులే. దాని మీద బండి నడపడానికే బద్ధకించారు. ఇప్పుడు లావాదేవీల్లో సింహభాగం ఆ రెండు యాప్‌లదే.

వాళ్ళ బాధలో న్యాయం బొత్తిగా లేదనను. 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారి దగ్గర రుసుము తీసుకోకూడదన్నారు. ఖర్చు బ్యాంకుది, పేరు యాప్‌ది. "నమ్మకం మా దగ్గరే ఉంది" అన్నమాటా నిజమే. 2020 మార్చిలో యెస్ బ్యాంకు మీద మారటోరియం పెట్టగానే, దాని మీద ఆధారపడ్డ ఫోన్‌పే కూడా ఆగిపోయింది. 2024 జనవరిలో పేటీఎం పేమెంట్స్ బ్యాంకుని కొత్త డిపాజిట్లు తీసుకోవద్దంది రిజర్వు బ్యాంకు. యాప్ ఎంత మెరిసినా డబ్బు ఉండేది బ్యాంకులోనే.

మరి అంత నమ్మకం చేతిలో పెట్టుకుని ఏం చేశారయ్యా అంటే, సర్క్యులర్ రాలేదన్నారు! నాకు ఇంటర్నెట్టుంది, వెతుక్కోగలను. ఇక్కడ ఎండలో కూలి పనిచేసే మన కరీంనగరం తమ్ముడికి ఎవరు చెప్తారు? వాళ్ళమ్మ మందుల షాపులో నిలబడితే ఆ క్షణాన డబ్బు కట్టగలిగే దారి మూడేళ్ళ కిందటే తెరుచుకుంది. ఆ తలుపు తెరిచే ఉందని చెప్పేవాడే లేడు.

సూర్ చెక్క ఓడలకి పేరున్న ఊరు. ఓడ కట్టినవాడే ఒడ్డున కూర్చుని, సరుకు ఎవడో పట్టుకుపోయాడని ఏడిస్తే ఏం లాభం? ముందు ఓడెక్కండి సార్!

ఏమంటారు?