అక్షరం పాదరీది, అచ్చుయంత్రం ఎవరిది?

ఆదివాసుల పేరు పార్లమెంటులో గట్టిగా వినిపించేది రెండు సందర్భాల్లోనే. గనులకు భూమి కావలసి వచ్చినప్పుడు ఒకసారి, మతమార్పిడి మీద గొంతు చించుకోవలసి వచ్చినప్పుడు మరోసారి. ఈ రెండో సందర్భం ఇప్పుడు ‘డీలిస్టింగ్’ అనే పేరుతో నడుస్తోంది. మతం మారినవారిని షెడ్యూల్డ్ తెగల జాబితా నుంచి తొలగించాలన్నది డిమాండు. షెడ్యూల్డ్ కులాల గుర్తింపును 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మతంతో ముడిపెట్టింది గాని, తెగల గుర్తింపుకు మతంతో పని లేదు. ఆ తేడాను చెరిపేయడానికి ముందుకు తెస్తున్న వాదాల్లో ఒకటి భాషకు సంబంధించినది. పాదరీలు వచ్చి ఆదివాసుల భాషనూ సంస్కృతినీ నాశనం చేశారని ఒక పక్షం అంటుంది. పాదరీలే రాకపోతే ఆ భాషలకు అక్షరమే దక్కేది కాదని రెండో పక్షం అంటుంది.

వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ఈ రెండు వాక్యాల్లోనూ కర్త పాదరీ, కర్మ ఆదివాసి. క్రియ మాత్రమే మారుతుంది. రెండింటిలోనూ ప్రభుత్వం ఎక్కడా కనిపించదు. 1956లో మధ్యప్రదేశ్ నియోగి కమిటీ నివేదిక నాటి నుంచి మనం ఈ రెండు వాక్యాలనే తిరగేసి మరగేసి చెప్పుకుంటున్నాం. ఈ గానుగ చుట్టూ తిరగడం మానాలంటే, ఇక్కడి ఆవేశాలతో సంబంధం లేని ఒక పాత పత్రిక చరిత్రను చూడడం మేలు.

ఆ పత్రిక పేరు ‘కామ్లూప్స్ వావా’. వావా అంటే మాట. కెనడా పశ్చిమ ప్రాంతమైన బ్రిటిష్ కొలంబియాలోని కామ్లూప్స్ పట్టణం నుంచి 1891 మే నెలలో మొదలైంది. నడిపినవాడు జాన్ మారీ రఫాయెల్ లె జూన్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ నుంచి వచ్చిన ఒబ్లేట్ సంఘపు కాథలిక్ గురువు. అతని మందలో షుస్వాప్, థాంప్సన్, ఓకనాగన్ అని అప్పటి తెల్లవాళ్లు పిలిచిన భిన్న జాతులున్నాయి. ఒకరి భాష ఒకరికి రాదు. వారందరి మధ్యా వాడుకలో ఉన్నది చినూక్ అనే వర్తక భాష. స్థానిక పదాలు, ఫ్రెంచి, ఇంగ్లీషు కలిసిన సంతభాష అది. లె జూన్ పత్రికను ప్రధానంగా ఆ భాషలో నడిపాడు. దాన్ని రాయడానికి రోమన్ అక్షరాలను కాదని, ఫ్రాన్స్‌లో ఎమిల్ డ్యుప్లాయే 1860లో ప్రచురించిన షార్ట్‌హ్యాండ్‌ను ఎంచుకున్నాడు.

మన పట్టణాల్లో ఒకప్పుడు వీధికొక టైపు, షార్ట్‌హ్యాండ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మనకు తెలిసిన షార్ట్‌హ్యాండ్ పైఅధికారి చెప్పింది పొల్లుపోకుండా రాసుకునే గుమాస్తా విద్య. అప్పటికే చదువుకున్నవాడు ఉద్యోగం కోసం నేర్చుకునేది. కామ్లూప్స్‌లో మాత్రం అదే ఓనమాలైంది. ఎలా పలికితే అలా రాయవచ్చు, గీతలు కొద్ది, స్పెల్లింగుల గొడవ లేదు. ఇంగ్లీషు చదువుకు ఏళ్లు పట్టేచోట దీనికి వారాలూ నెలలూ చాలాయి.

అయితే ఈ లిపి వ్యాపించిన తీరులో అసలు గొప్పతనం పాదరీది కాదు. 1890లో కోల్డ్‌వాటర్ గ్రామానికి చెందిన చార్లీ అలెక్సిస్ మయూస్ అనే వికలాంగుడు మొదట దీన్ని పట్టుబట్టి నేర్చుకున్నాడు. నేర్చుకుని తనవాళ్లకు చెప్పాడు. వాళ్లు మరికొందరికి చెప్పారు. బడి లేదు, హాజరుపట్టీ లేదు, బెత్తం లేదు. కొన్నేళ్లలో పాఠకుల సంఖ్య వేలల్లోకి చేరిందని లె జూన్ లెక్క చెప్పుకున్నాడు. ఆ అంకెను కొంత తగ్గించి చూసినా అది అక్షరాస్యతా ఉద్యమమే. జనం ఆ లిపిలో ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. తమవారి సమాధుల మీద చెక్కించుకున్నారు. చదువు రాని జాతులని దొరలు రాసిపెట్టుకున్న మనుషులు, తమకు అందుబాటులో ఉన్న సాధనం దొరకగానే ఎంత వేగంగా చదువరులయ్యారో చెప్పే సాక్ష్యం అది.

ఇంతవరకు చూస్తే రెండో పక్షం గెలిచినట్టే. కథ ఇక్కడితో ఆగదు. ఆ పత్రికలో ఏముండాలో నిర్ణయించింది ఎవరు? ప్రార్థనలు, కీర్తనలు, బైబిలు కథలు, మతబోధ, మధ్యలో ఊళ్ల కబుర్లు. ఎంపిక ఆయనది, ముద్రణ ఆయనది, నిధుల సేకరణ ఆయనది. పాఠకులు వేలల్లో ఉన్నా సంపాదకుడు ఒక్కడే. ఇరవయ్యో శతాబ్దం మొదలైన కొన్నేళ్లకు ఆయన శక్తి, నిధులు సన్నగిల్లాయి. పత్రిక క్రమంగా ఆగిపోయింది. దానితో పాటు ఆ లిపిలో కొత్తగా చదవడానికి ఏమీ లేకుండా పోయింది.

దీనికి సమాంతరంగా అదే పట్టణంలో మరో సంస్థ ఎదుగుతోంది. కామ్లూప్స్ మూలవాసి ఆశ్రమ పాఠశాల 1890లో ప్రారంభమైంది. కొద్ది కాలానికే అది ఒబ్లేట్ల నిర్వహణలోకి వచ్చి 1969 దాకా వారి చేతుల్లోనే నడిచింది. డబ్బు ప్రభుత్వానిది, పెత్తనం చర్చిది. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఇంగ్లీషులో పెంచడం, సొంత భాష మాట్లాడితే శిక్షించడం ఆ వ్యవస్థ పద్ధతి. 2015లో కెనడా సత్య, సయోధ్య సంఘం దానికి పెట్టిన పేరు సాంస్కృతిక జాతిహననం. ఈ బడి ఆవరణలోనే గుర్తులేని సమాధులు ఉండవచ్చని భూగర్భ రాడార్ సర్వే సూచించిందన్న 2021 నాటి ప్రకటన ప్రపంచాన్ని కదిలించింది. ఒకే మతసంఘం ఒక చేత్తో పెద్దలకు అక్షరం ఇచ్చింది, మరో చేత్తో వాళ్ల పిల్లల నాలుకను కత్తిరించింది. చదవడం వచ్చిన తరానికి వారసులు లేకుండా పోవడానికి వేరే కారణం వెతకనక్కరలేదు.

ఇక్కడ మరో ఘటన గుర్తుంచుకోదగినది. 1910 ఆగస్టులో కెనడా ప్రధాని విల్‌ఫ్రిడ్ లారియే కామ్లూప్స్ వచ్చినప్పుడు ఆ ప్రాంతపు మూలవాసి నాయకులు ఆయనకు ఒక మహజరు సమర్పించారు. తమ భూములను ఒప్పందం లేకుండా, పరిహారం లేకుండా ఎలా ఆక్రమించుకున్నారో అందులో వివరించారు. ఆ మహజరు ఇంగ్లీషులో ఉంది. దాన్ని రాసిపెట్టినవాడు వారి మధ్య బతికిన జేమ్స్ టీట్ అనే తెల్ల మిత్రుడు. ప్రార్థనకు సొంత లిపి ఉంది, భూమిని అడగడానికి లేదు. ప్రభుత్వం చదివే భాష వేరే కాబట్టి. అక్షరాస్యత ఎంత పెరిగినా అధికారానికి అది అర్థం కానవసరం లేనప్పుడు జరిగేది ఇదే.

అదే ఖండంలో చెరోకీల అనుభవం మరోలా సాగింది. వారి లిపిని 1821 నాటికి రూపొందించినవాడు సెక్వోయా, వారిలో ఒకడు. 1828లో ‘చెరోకీ ఫీనిక్స్’ పత్రికను ప్రారంభించింది వారి జాతీయ మండలి. అచ్చు అక్షరాలు పోతపోయించడంలో శామ్యూల్ వూస్టర్ అనే మిషనరీ సాయపడ్డాడు. సాయపడినా యజమాని కాలేదు. ఆ పత్రికలో చట్టాలు వచ్చాయి, తమను సొంత నేల నుంచి తరిమేసే కుట్ర మీద వాదనలు వచ్చాయి. 1835లో జార్జియా రాష్ట్ర దళాలు ఆ అచ్చుయంత్రాన్ని స్వాధీనం చేసుకున్నాయి. అచ్చుయంత్రం ప్రజలదైతే దాన్ని జప్తు చేయవలసిన అవసరం రాజ్యానికి వస్తుంది. పాదరీదైతే ఆ శ్రమ కూడా అక్కరలేదు, ఆయన అలసిపోయేదాకా ఆగితే చాలు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మిజో భాషకు రోమన్ లిపిని కూర్చింది 1894లో అక్కడికి వెళ్లిన లొరైన్, సావిడ్జ్ అనే మిషనరీలే. ఈ రోజు మిజోరంలో అక్షరాస్యత, 2011 జనగణన ప్రకారం, 91 శాతం పైన ఉంది. దాన్ని కేవలం చర్చి ఘనతగా లెక్కకట్టేవారు మరచిపోయేది ఒకటుంది: మిజోలకు ఒక రాష్ట్రం ఉంది, ఆ రాష్ట్రంలో వారి భాషకు అధికార హోదా ఉంది, పత్రికలు వారివే. అక్షరం పాదరీ నుంచి వచ్చినా యాజమాన్యం చేతులు మారింది. సంతాలీల మార్గం ఇంకోటి. వారి భాషను మిషనరీలు రోమన్ లిపిలో అచ్చువేస్తుండగానే, 1925లో రఘునాథ్ ముర్ము ఓల్ చికి లిపిని సృష్టించాడు. దశాబ్దాల పోరాటం తర్వాత 2003లో సంతాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. లిపి ఎవరిదన్నదాంట్లో మిజోలకూ సంతాలీలకూ పోలిక లేదు. రాజకీయ బలం సంపాదించుకోవడంలోనే పోలిక.

ఆ బలం లేనివారి సంగతి చూడండి. 2011 జనగణనలో భీలీ మాట్లాడేవారు కోటీ నాలుగు లక్షలు, గోండీ మాట్లాడేవారు 29.8 లక్షలు. రెండూ ఎనిమిదో షెడ్యూలులో లేవు. మాతృభాషగా సంస్కృతం నమోదు చేసుకున్నవారు 24,821 మంది, ఆ భాష ఉంది. సంస్కృతం మీద నాకు పేచీ లేదు. కొలబద్ద మీద ఉంది. భీలీని ఆ జాబితాకు వెలుపల నిలిపింది ఏ పాదరీ? మిషనరీల మీద ఇంత కోపం వెళ్లగక్కే పార్టీలు, పార్లమెంటులో మెజారిటీ ఉన్న ఏళ్లలో, గోండీ కోసం ఏ సవరణ తెచ్చాయి?

తెలుగువాళ్లం కూడా తప్పించుకోలేం. గిడుగు రామమూర్తిని వ్యావహారిక భాషా యోధుడిగా ఏటా స్మరించుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో సవరల మధ్య ఏళ్ల తరబడి కూర్చుని వారి భాష నేర్చి, వ్యాకరణం, నిఘంటువులు కూర్చిన సంగతి సభల్లో ఒక వాక్యంతో సరి. ఆదిలాబాద్ మార్లవాయిలో 1940లలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ, గోండీలో వాచకాలు మొదలయ్యాయి. ఆ ప్రయత్నం పాలకులు మారగానే నీరుగారిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, కోయ, గోండీ, కువి వంటి ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు తెచ్చారు. ఆ చిన్న తరగతులు దాటాక ఆ భాషలో చదవడానికి ఏముంది? పత్రిక లేదు, పరీక్ష లేదు, దరఖాస్తు ఫారం లేదు. కామ్లూప్స్‌లో పాదరీ అలసిపోతే పత్రిక ఆగింది. ఇక్కడ అధికారి బదిలీ అయితే వాచకం ఆగుతుంది.

ఇన్ని భాషల్లో పాలన సాధ్యమా, గోండీకి ఏ లిపి వాడాలన్న తగాదాయే తేలలేదు కదా అని అధికారులు అడుగుతారు. గోండీకి మసరాం, గుంజాల లిపులున్నాయి. యూనికోడ్ వాటికి 2017, 2018లలో చోటిచ్చింది. 2014లో డ్యుప్లాయే షార్ట్‌హ్యాండ్‌కూ ఇచ్చింది. కంప్యూటరులో చోటు దొరికినంత మాత్రాన భాషకు పాఠకులు పుట్టరు. లిపి తగాదా తేలేదాకా ఆగుదామనడం, ఎప్పటికీ ఆగుదామనడానికి మర్యాదైన పేరు. మయూస్ ఏ కమిటీ నివేదిక కోసమూ ఎదురుచూడలేదు. చదవదగినది ఉంటే జనమే నేర్చుకుంటారు, నేర్పుకుంటారు.

ఆ చదవదగినది ఏమిటో చెప్పడం కష్టం కాదు. పెసా చట్టం 1996 నుంచి, 2006 నాటి అటవీ హక్కుల చట్టం 2007 చివరి నుంచి అమల్లో ఉన్నాయి. గ్రామసభ మాట లేకుండా ఆదివాసి భూమి కదలకూడదన్నది వాటి సారం. 2013లో నియమగిరి కొండల మీద పన్నెండు గ్రామసభలు బాక్సైటు తవ్వకాన్ని నిరాకరించాయి. కువి మాట్లాడే డోంగ్రియా కోంధులు నోటిమాటతో సాధించిన విజయమది. ప్రతి గ్రామసభ నోటీసూ, ప్రతి తీర్మానమూ, ప్రతి పట్టా ఆ ఊరి భాషలో ఉండి తీరాలని, లేకపోతే చెల్లదని చట్టం చేయండి. భీలీ, గోండీలను ఎనిమిదో షెడ్యూలులో చేర్చండి. ఆ భాషల్లో పత్రిక నడుపుకునే నిధిని ప్రభుత్వ శాఖకు గాక ఆదివాసి సంఘాలకే అప్పగించండి. ఆ పత్రిక ప్రభుత్వాన్ని తిట్టినా నిధి ఆగకూడదు.

ఇవేవీ చేయకుండా మిషనరీల మీద వాదించుకోవడం మన రాజకీయ పక్షాలకు సుఖంగా ఉంది. వందేళ్ల కిందటి పాదరీని దోషిగా నిలబెట్టినా, దేవుడిగా నిలబెట్టినా ఖర్చు లేదు. గోండీలో రాసిన భూమి తీర్మానాన్ని చదివి జవాబివ్వవలసి వస్తే మాత్రం ఖర్చుంది. గనుల పటం తిరగరాసుకోవలసి వస్తుంది.