ఐఎస్ఎల్ సెమీస్: సాల్ట్ లేక్‌లో ఇవాళే తేలిపోతుంది.. హైదరాబాద్ ఫ్యాన్స్‌కు ఆశ ఎంత? గుబులు ఎంత?

గచ్చిబౌలిలో 90 నిమిషాలు ఆడినా ఒక్క గోల్ పడలేదు. మార్చి 9న జరిగిన తొలి లెగ్ 0-0తో ముగిసింది. ఇక లెక్క తేలాల్సింది కోల్‌కతాలోనే. ఇవాళ రాత్రి 7:30కు సాల్ట్ లేక్ స్టేడియంలో ఏటీకే మోహన్ బగాన్‌తో హైదరాబాద్ ఎఫ్‌సీ రెండో లెగ్ ఆడనుంది. గెలిచిన టీమ్ 18న గోవాలో జరిగే ఫైనల్లో బెంగళూరును ఢీకొడుతుంది.

గుబులు ఎందుకంటే..

గతేడాది సెమీస్‌లో ఇదే టీమ్‌ను రెండు లెగ్‌లు కలిపి 3-2తో హైదరాబాద్ ఇంటికి పంపింది. అయితే కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. ఇప్పుడు అలా కాదు. 60 వేలకు పైగా సీట్లున్న స్టేడియం, ఎటు చూసినా ఆకుపచ్చ, మెరూన్ జెండాలే. పసుపు జెర్సీ వేసుకుని అక్కడిదాకా వెళ్లిన అభిమాని గొంతు పక్క సీటుకు వినిపిస్తే గొప్పే. పైగా నవంబర్ 26న ఇదే గ్రౌండ్‌లో హ్యూగో బౌమస్ గోల్‌తో హైదరాబాద్ 0-1తో ఓడింది.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. గోల్ కావాలంటే చూపంతా 38 ఏళ్ల ఓగ్బెచే వైపే. అతడిని కట్టడి చేస్తే తర్వాత ఎవరు? తొలి లెగ్‌లో దీనికి సమాధానం దొరకలేదు.

మరి ఆశ?

ఉంది. ఫిబ్రవరి 14న సొంతగడ్డపై మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించింది ఆ ఓగ్బెచే గోలే. ఫిబ్రవరి 26న కొచ్చిలో బ్లాస్టర్స్ అభిమానుల హోరు మధ్య కూడా హైదరాబాద్ 1-0తో గెలిచింది. నిన్న రాత్రి ముంబై గడ్డపైనే ముంబైని బెంగళూరు షూటౌట్‌లో పడగొట్టింది. అంటే బయటి గ్రౌండ్ అయినంత మాత్రాన పనైపోయినట్టు కాదు.

అవే గోల్ రూల్ లేదు కాబట్టి స్కోర్ ఎంతైనా డ్రా అయితే ఎక్స్‌ట్రా టైమ్, ఆ తర్వాత పెనాల్టీలే. గతేడాది ఫైనల్లో కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్ తెచ్చిన రాత్రిని ఫ్యాన్స్ మర్చిపోలేదు. కానీ పెనాల్టీలను నమ్ముకుని మ్యాచ్ మొదలుపెట్టడం రిస్కే. హోరు తగ్గాలంటే ముందు గోల్ కొట్టాలి.

2019-20లో తొలి సీజన్ ఆడిన హైదరాబాద్ 18 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. ఇప్పుడు ఫ్యాన్స్ భయమంతా వరుసగా రెండో ఫైనల్ చేజారుతుందేమోనని. మూడేళ్లలో ఈ టీమ్ ఎంత ఎదిగిందో ఆ భయమే చెబుతోంది.